చందమామకు ఏడో రోజు

మంగళవారం ఉదయం మిద్‌హత్ చేయాల్సిన పని ఒక్కటే. పదింటికి చందమామను జల్లెడలో పెట్టి నాలుగు నిమిషాలు ఊపాలి. అది చెక్కుచెదరలేదని బీమా కంపెనీ పరీక్షకుడు సంతకం పెట్టాలి. ఆ కాగితం మధ్యాహ్నం రెండింటిలోగా రాకెట్ వాళ్లకు చేరాలి. చేరకపోతే రాకెట్‌లో చందమామకు ఉంచిన చోటు వేరే దేశం వాళ్లకు పోతుంది. మళ్లీ చోటు దొరకడానికి ఏడాదిన్నర పడుతుంది.

బాషిక్ ఏరోస్పేస్ కంపెనీ హెల్వాన్ దాటాక, మే పదిహేను అనే పేరున్న నగరంలో ఉంది. అక్కడ పత్తి చేల మీద మందు చల్లే విమానం ఒకటి తయారవుతుంది. పేరు అబూ ఖిర్దాన్. పొలాల్లో పురుగులేరుకు తినే కొంగ పేరే దానికి పెట్టారు. కంపెనీ కొత్తగా చేస్తున్నది ఉపగ్రహం. అరబ్బీలో ఉపగ్రహాన్ని కృత్రిమ చందమామ అంటారు. ఆరేళ్లుగా దాని దగ్గరే కూర్చున్న ఎనిమిది మంది నోట 'కృత్రిమ' అనే ముక్క ఎప్పుడో రాలిపోయింది. బరువు ఇరవై మూడు కిలోలు. పైకి వెళ్లాక కాలువల్లో గుర్రపుడెక్క ఎక్కడ పెరుగుతోందో చూసి చెప్పడం దాని పని. ఇందులో దాచాల్సింది ఏముందో ఎవరికీ తెలియదు గానీ, కొనేవాళ్లు రాయించుకున్న కాగితం ప్రకారం ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పకూడదు. ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు. మిద్‌హత్ భార్య ఈనాస్ లెక్కలో అతను ఇంకా మందు చల్లే విమానాల విభాగంలోనే ఉన్నాడు.

జల్లెడ అంటే ప్రకంపనల బల్ల. రాకెట్ లేచేటప్పుడు ఎంత కుదుపు ఉంటుందో అంత కుదుపు ఇస్తుంది. జల్లెడ అని పేరు పెట్టింది మేస్త్రీ రగబ్; అతన్ని అందరూ ఉస్తా అంటారు. పరీక్షలు మొదలై ఆ మంగళవారానికి ఏడో రోజు.

ఉదయం ఆరూ నలభైకి మిద్‌హత్ రగబ్‌కు ఫోన్ చేశాడు. రగబ్ గడ్డం గీసుకుంటున్నాడు. ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టి అద్దానికి ఆనించాడు.

"ఉస్తా, ఇవాళ మన చందమామకు ఏడో రోజు. పదింటికి జల్లెడలో పెడతాం. అందరూ స్నానం చేసి శుభ్రమైన బట్టల్లో రండి. బయట ఒక్కరికి తెలియకూడదు."

"తెలియదు బాష్‌ముహందిస్. మా అమ్మకు కూడా చెప్పలేదు."

వాళ్లమ్మ పక్క గదిలో చిక్కుళ్లకు నిమ్మకాయ పిండుతోంది. పేరు తఫీదా. మక్కా వెళ్లొచ్చింది కనుక వీధంతా హాగ్గా అంటారు. నలభై ఏళ్లు మంత్రసానిగా చేసింది. ఆ వీధిలో బిడ్డ పుట్టిన ఏడో రోజున సుబూ వేడుక జరిగితే, బిడ్డను జల్లెడలో వేసి ఊపేదీ, చెవి పక్కన ఇత్తడి రోలు మోగించేదీ ఆమే. రోలు చప్పుడుకు అలవాటు పడిన బిడ్డ ఇక దేనికీ జడవదని అంటారు.

విన్నదాన్ని ఆమె ఒకసారి సర్దుకుంది. చందమామ అంటే ఆడపిల్ల. ఏడో రోజు, జల్లెడ, స్నానం, శుభ్రమైన బట్టలు. బాష్‌ముహందిస్‌కు, అంటే ఇంజినీరుగారికి, నలుగురు కొడుకులు. ఐదోసారి ఆడపిల్ల పుడుతుందని రగబ్ పెళ్లిలో ఈనాస్‌కు తనే చెప్పింది. నలుగురు కొడుకుల తరవాత ఆడపిల్ల పుడితే ఎవరైనా దిష్టికి భయపడి దాస్తారు. ఇంట్లో చేస్తే ఇరుగుపొరుగుకు తెలుస్తుంది కనుక ఫ్యాక్టరీలో చేస్తున్నారు. ఇందులో ఆమెకు అర్థం కానిది ఏదీ లేదు, తనను పిలవకపోవడం తప్ప.

తినేటప్పుడు కొడుకును అడిగి చూసింది. ఇవాళ ఫ్యాక్టరీలో విశేషం ఏమిటని. విశేషం ఏమీ లేదని రగబ్ పళ్లెంలోకి చూస్తూ చెప్పాడు. అతనికి చిన్నప్పటి నుంచీ అబద్ధం పళ్లెంలోకి చూసి చెప్పడమే అలవాటు. అతను ఏడింటికి బయలుదేరాడు. ఏడూ ఐదుకు హాగ్గా తఫీదా బాల్కనీలోకి వచ్చి ఎదురింటి ఉమ్ హిల్మీని పిలిచింది.

"రోలు ఎవరు కొడతారట మరి? ఇంజినీర్లా?" అంది.

ఉమ్ హిల్మీ అది జరగనివ్వకూడదని ఒప్పుకుంది. ఎనిమిదిన్నరకల్లా రోలు, జల్లెడ, ఏడు రకాల గింజలు, ఉప్పు, కొవ్వొత్తులు, వేరుశనగల పొట్లాలు సిద్ధమయ్యాయి. మైక్రోబస్సు ఒకటి మాట్లాడారు. బాలింత తాగాల్సిన మొఘాత్‌ను ఉమ్ హిల్మీ స్వయంగా కాచి, గిన్నె పట్టుకుని ఈనాస్ ఇంటికి బయలుదేరింది. మిగతావాళ్లు ఫ్యాక్టరీ దారి పట్టారు.

తొమ్మిదింటికి ఈనాస్ తలుపు తీసింది. చేతిలో నేల తుడిచే కర్ర ఉంది.

"ఏడో రోజుకే తుడుపులా తల్లీ? ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"ఎవరికి ఏడో రోజు?"

"నీ కూతురికి."

"నాకు కూతురు లేదు."

ఉమ్ హిల్మీ ఆమె నడుము వంక చూసింది. కర్ర వంక చూసింది. వచ్చిన దారిన వెళ్లిపోవచ్చు గానీ, అరగంట కాచిన మొఘాత్ చేతిలో ఉంది.

"అయితే మీ ఆయనకుంది" అంది.

ఈనాస్ తలుపు పట్టుకుని నిలబడింది. కిందటి గురువారం మిద్‌హత్ బాల్కనీలో ఫోన్ మాట్లాడుతూ గొంతు తగ్గించాడు. చందమామ కళ్లు తెరిచిందా అని అడిగాడు. ఒంటరిగా వదలకండి, ఎవరో ఒకరు పక్కన ఉండండి అన్నాడు. మందు చల్లే విమానానికి కళ్లేమిటని ఆమె అప్పుడే అనుకోవాల్సింది. ఉమ్ హిల్మీ దగ్గర చోటూ వేళా తెలుసుకుని, చెప్పులు మార్చుకుని, టాక్సీ పిలిచింది. మొఘాత్ గిన్నె కూడా తీసుకుంది. ఎందుకు తీసుకుందో తరవాత ఎవరడిగినా చెప్పలేకపోయింది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర శాబాన్ తొమ్మిదేళ్లుగా కాపలా ఉంటున్నాడు. వచ్చిన ఉత్తర్వును దాటి ఒక్క అడుగు వేయలేదని అతనికి పేరు. మిద్‌హత్ ముందురోజే అతనికి చెప్పి ఉంచాడు: రేపు చందమామ కోసం బయటి నుంచి వస్తారు, ప్రశ్నలు వేసి నిలబెట్టకు, బిళ్ల ఇచ్చి లోపలికి పంపు. తొమ్మిదీ ముప్పై ఐదుకు మైక్రోబస్సు వచ్చింది. ఎవరి కోసమని శాబాన్ అడిగాడు. చందమామ కోసమని హాగ్గా తఫీదా చెప్పింది. దిగినవాళ్లు పదకొండు మంది. సందర్శకుల బిళ్లలు ఉన్నవే పదకొండు. లెక్క సరిపోయినందుకు శాబాన్ సంతోషించాడు.

తొమ్మిదీ యాభైకి బీమా పరీక్షకుడు కెస్కినెన్ దిగాడు. ఫిన్లాండ్ మనిషి. వయసు యాభై ఎనిమిది. విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు అరబ్బీ చదివాడు, పాత పుస్తకాల్లోంచి.

"ద్వారపాలకా, నీకు శుభమగుగాక. నేను చందమామను పరీక్షింప వచ్చితిని" అన్నాడు.

ఆ భాషను శాబాన్ శుక్రవారం ఉపన్యాసాల్లోనూ చరిత్ర సీరియళ్లలోనూ మాత్రమే విన్నాడు. మర్యాదకు లేచి నిలబడ్డాడు. బిళ్లలు అయిపోయాయనీ, లోపలున్నవాళ్లలో ఒకరు బయటికొస్తే ఇస్తాననీ చెప్పాడు. కెస్కినెన్ ముప్పై ఏళ్లుగా ఇతరుల చేత నియమాలు పాటింపజేస్తున్నాడు. నియమం తన మీదికి వచ్చినప్పుడు కాదనలేకపోయాడు. కుర్చీలో కూర్చుని టీ తాగాడు. రెండుసార్లు మిద్‌హత్‌కు ఫోన్ చేశాడు. మిద్‌హత్ ఫోను పరీక్ష గది బయట అలమారాలో ఉంది.

పదీ ఐదుకు ఈనాస్ టాక్సీ దిగింది. చందమామ లోపలే ఉందా అని శాబాన్‌ను అడిగింది. ఉందనీ, ఆడవాళ్లంతా అప్పుడే వెళ్లారనీ శాబాన్ చెప్పాడు. అందరికీ తెలిసి తనకే తెలియలేదన్నమాట అనుకుంది. అంతలో కెస్కినెన్ కుర్చీలోంచి లేచాడు.

"అమ్మా, తామును చందమామ కొరకే వచ్చితిరా? నా సంతకము లేనిదే అది దేశము దాటజాలదు."

"దేశం ఎందుకు దాటాలి?"

"మాసాంతమున విదేశమునకు పంపుదురు. అచటి నుండి పైకి పోవును. మరల తిరిగిరాదు."

ఈనాస్ కోపంతో వచ్చింది. తిట్టాల్సిన మాటలు టాక్సీలో వరసగా పేర్చుకుంది. ఆ వరస అక్కడ తెగిపోయింది. ఎవరు కన్నా పసిపిల్ల పసిపిల్లే. ఈ పెద్దమనిషి తనతో వస్తున్నాడని శాబాన్‌తో చెప్పి గేటు తోసింది. ఇంజినీర్ల భార్యలకు బిళ్ల కావాలా అక్కర్లేదా అన్నదాని మీద శాబాన్‌కు ఉత్తర్వులు లేవు. పక్కకు తప్పుకున్నాడు.

పరీక్ష గదికి ఒక గోడ మొత్తం అద్దం. అద్దానికి ఇవతల చూసేవాళ్ల గది. ఆ పూట అక్కడ నిలబడిన పదకొండు మందికి అవతల కనిపించింది ఇది: తెల్ల గౌన్లు, టోపీలు, మూతికి గుడ్డలు కట్టుకున్న ఎనిమిది మంది, వాళ్ల మధ్య బల్ల మీద బంగారు రంగు రేకులో చుట్టిన మూట, మూటకు పద్నాలుగు వైర్లు. 

"నెలలు నిండలేదు. పెట్టెలో పెట్టారు. అందుకే దాచారు" అంది హాగ్గా తఫీదా. తను అలిగినందుకు తనకే సిగ్గేసింది. రోలు నేల మీద పెట్టింది.

లోపల మిద్‌హత్ అద్దానికి వీపు పెట్టి తెర చూస్తున్నాడు. పరీక్షకుడు ఇంకా రాలేదేమిటని రగబ్ అటు తిరిగి వాళ్లమ్మను చూశాడు. అద్దంలోంచి మాట వినపడదు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. ఊపమంటున్నాడు కాబోలని ఆమె జల్లెడ పక్కామెకు అందించింది. ఆపమని అరచెయ్యి చూపించాడు. ఐదు వేళ్లు కనిపించాయి. ఐదు కాదు, ఏడు కొట్టాలని ఆమె వేళ్లతో సరిదిద్ది, రోకలి ఎత్తింది.

చూసేవాళ్ల గది నేలా, లోపల బల్ల నిలిచిన దిమ్మే రెండూ ఒకే కాంక్రీటు పలక. అలా కట్టకూడదని మిద్‌హత్ కట్టేటప్పుడే రాసిచ్చాడు. పదీ పన్నెండుకు మొదటి దెబ్బ పడింది. తెర మీద వైరుకొకటిగా ఉన్న కుదుపు గీతలు లేచాయి. ఏడు దెబ్బలూ పడేదాకా లేస్తూనే ఉన్నాయి. దెబ్బ దెబ్బకూ హాగ్గా మూటకు వినపడాలని గట్టిగా చెప్పింది: అమ్మ మాట విను, నాన్న మాట వినకు.

మిద్‌హత్ గౌను విప్పకుండానే బయటికి వచ్చాడు. అదే క్షణంలో అవతలి తలుపులోంచి ఈనాస్ వచ్చింది. ఆమె వెనక కెస్కినెన్. మూతికి గుడ్డ ఉన్నా ఈనాస్ అతన్ని నిలబడే తీరును బట్టి గుర్తుపట్టింది.

"ఎవరు కన్నారో నేనడగను. పైకి పంపొద్దు. నాకివ్వు, నేను పెంచుతాను" అంది.

"ఏది?"

"చందమామ."

"ఎలా ఇస్తాను? అది కంపెనీది."

పదకొండు మంది అతని వంక చూశారు. పిల్ల కంపెనీది ఎట్లా అవుతుందని హాగ్గా నిలదీసింది. మిద్‌హత్‌కు ఆరేళ్ల కిందట సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చింది. దాన్ని పాటించడానికి అప్పటికి ఆలస్యమైంది. భార్యను అద్దం దగ్గరికి తీసుకెళ్లి, రేకు చుట్టిన పెట్టెను, కటకాన్ని, మడిచిన రెక్కలను చూపించి ఒక్కొక్కటీ చెప్పాడు. గుర్రపుడెక్క సంగతి కూడా చెప్పాడు. ఈనాస్ చివరిదాకా విన్నది.

"ఆరేళ్లూ దీని దగ్గరేనా?"

"ఔను."

"రెండో పెళ్లి చేసుకుని ఉంటే ఇంతకన్నా తరచుగా ఇంటికొచ్చేవాడివి" అంది. చేతిలో గిన్నె అప్పుడు గమనించి దగ్గర్లో ఉన్న బల్ల మీద పెట్టింది.

తను రోలు మోగించింది యంత్రానికని తెలిశాక హాగ్గా తఫీదా నొచ్చుకుంటుందేమోనని రగబ్ భయపడ్డాడు. ఆమె నొచ్చుకోలేదు. ఆరేళ్లు మోశారు, ఏ తల్లీ అంతకాలం మోయదు అని మాత్రం అంది.

నొచ్చుకున్నది కెస్కినెన్. గోడకున్న తెర మీద ఏడు దెబ్బల గీతలూ ఉన్నాయి. సంచీలోంచి నియమాల పుస్తకం తీసి పేజీ తెరిచాడు. పరీక్ష పత్రంలో లేని తాకిడి ఏది తగిలినా పరీక్షలన్నీ మొదటి రోజు నుంచి మళ్లీ చేయాలి. మొదటి రోజు నుంచి అంటే ఇంకో వారం. రాకెట్ వాళ్లకు కాగితం అందాల్సింది ఇంకో మూడు గంటల్లో. మిద్‌హత్ వాదించలేదు. ఆ నియమం సరైనదని అతనికి తెలుసు. వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు. లోపల ఏడుగురు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఈనాస్ వచ్చి మెట్టు మీద అతని పక్కన కూర్చుంది.

నమోదు చేయడం కోసం కెస్కినెన్ గీతలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి లెక్కపెట్టాడు.

"పదునాలుగింట పదమూడే ఏల ఉలికిపడినవి?"

మిద్‌హత్ లేచి వచ్చాడు. తొమ్మిదో గీత చదునుగా ఉంది. అది పొరపాటు కావచ్చన్నాడు కెస్కినెన్. ఇంకోసారి కొట్టమని హాగ్గాను కోరాడు. ఆమె కొట్టింది. పదమూడు లేచాయి. రగబ్ తొమ్మిదో వైరు వెంట వేలు పోనిచ్చి చివరికి వెళ్లాడు. వైరును బిగించే బిరడా అర చుట్టు తక్కువ తిరిగి ఉంది. రాత్రి ఎనిమిది మందీ ఒకరి వెనక ఒకరు చూసి సరే అని టిక్కు పెట్టిన బిరడా అది.

తొమ్మిదోది మిగతావాటిలాంటిది కాదు. ఎంత ఊపుతున్నదీ జల్లెడ తెలుసుకునేది దాంతోనే. తొమ్మిది నుంచి ఏమీ వినపడకపోతే సరిపోలేదనుకుని ఇంకా ఊపుతుంది. అప్పటికీ వినపడకపోతే ఇంకా. మిద్‌హత్ మనసులో లెక్క వేశాడు. నాలుగు నిమిషాలు అక్కర్లేదు. నాలుగు సెకన్లలో ఆరేళ్ల పని అయిపోయేది. లెక్క పైకి చెప్పలేదు. కెస్కినెన్ కూడా వేసుకున్నాడని అతని మొహం చెప్పింది.

కెస్కినెన్ బల్ల ముందు కూర్చుని నియమాల పుస్తకం వెనక్కి తిప్పాడు. పత్రంలో లేని తాకిడి తప్పు. పత్రంలో ఉన్న తాకిడి తప్పు కాదు. కొట్టినది కొట్టినట్టు పత్రంలోకి ఎక్కించి, దానికి ఆధారాలు జత చేస్తే, అది ముందస్తు తనిఖీ అవుతుంది. అలా ఎక్కించే అధికారం పరీక్షకుడికి ఉంది. ముప్పై ఏళ్లలో దాన్ని వాడలేదు. కలం తీసి హాగ్గాను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. పరికరం ఇత్తడిది. బరువు తూచారు, మూడు కిలోల రెండు వందల గ్రాములు. నిర్వాహకురాలి అనుభవం నలభై ఏళ్లు.

"ఎన్ని దెబ్బలు?"

"ఏడు."

"ఏల ఏడు?"

"ఎనిమిది కొడతారా ఎవరైనా?"

కెస్కినెన్ ఆలోచించి, ఏడు అని రాశాడు. దెబ్బతోపాటు పలికిన మాటలు కూడా తాకిడిలో భాగమేనా అని అడిగాడు. మాటల్లేకుండా కొట్టడం దండగని ఆమె చెప్పింది. అదీ రాశాడు. రాస్తూ రాస్తూ పక్కనున్న గిన్నెలోంచి మొఘాత్ రెండు కప్పులు తాగాడు. అది ఎవరు తాగేదో అతనికి ఎవరూ చెప్పలేదు.

బిరడా బిగించారు. ఏడు దెబ్బలూ మళ్లీ పడ్డాయి. పద్నాలుగు గీతలు లేచాయి. పన్నెండున్నరకు జల్లెడ ఊగింది. సరిగ్గా నాలుగు నిమిషాలకు ఆగింది. ఆగాక తనిఖీ చేశారు. ఒక్క మర కూడా కదల్లేదు. పదకొండు మంది ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ మంగళధ్వని చేశారు. అద్దంలోంచి లోపలికి వినపడకపోయినా లోపలివాళ్లు చేతులెత్తారు. ఒంటిగంటా నలభైకి సంతకం పడింది. ఒంటిగంటా యాభై రెండుకు కాగితం అందినట్టు రాకెట్ వాళ్ల దగ్గర నుంచి జవాబు వచ్చింది. వేరుశనగల పొట్లాలు అందరికీ పంచారు. శాబాన్ పదకొండు బిళ్లలూ వెనక్కి తీసుకుని లెక్క చూసుకున్నాడు.

వెళ్లేముందు పదకొండు మంది చేతా, ఈనాస్ చేతా గోప్యత కాగితాల మీద సంతకాలు పెట్టించారు. సాయంత్రానికి మే పదిహేను నగరంలో ఉపగ్రహం సంగతి తెలియనిది ఉమ్ హిల్మీ ఒక్కర్తెకే. ఆమెకు చెప్పడానికి ఎవరికీ మనసు రాలేదు. చందమామ ఆ నెలాఖరున విదేశం వెళ్లింది, అక్కడి నుంచి పైకి పోయింది. ఇప్పుడు రోజుకు రెండుసార్లు గుర్రపుడెక్క బొమ్మలు పంపుతోంది. మిద్‌హత్ ఐదింటికి ఇంటికి వస్తున్నాడు. కొత్తలో ఈనాస్‌కు అది ఇబ్బందిగా ఉండేది.

బాషిక్ కంపెనీ రెండో ఉపగ్రహం మొదలుపెట్టింది. ఒకసారి ఆమోదం పొందిన పరీక్ష పత్రాన్ని బీమా వాళ్ల అనుమతి లేకుండా మార్చడానికి వీల్లేదు. అందుకని ఇత్తడి రోలు అందులో అలాగే ఉంది. నిర్వాహకురాలు హాగ్గా తఫీదా, ఆమె బదులు ఇంకెవరూ పనికిరారు. పత్రంలో ఉన్న ప్రతి పరికరాన్నీ ఏటా తూచి, కొలిచి, ముద్ర చీటీ అతికించాలి. ఆ చీటీ ఉన్నదాన్ని వేరే పనికి వాడకూడదు. రగబ్ ఇంట్లో కూరలోకి వెల్లుల్లి ఇప్పుడు ఉమ్ హిల్మీ రోట్లో దంచుకొస్తున్నారు.